కరెంటును భూమి మింగేయదు

సార్వా ఊడ్పులు మొదలయ్యాయంటే నాకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ఎండాకాలమంతా బిల్లు ఎక్కువ వచ్చిందనీ, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందనీ రాసేవారు నాలుగు చినుకులు పడగానే షాకుల గురించి రాస్తారు. ఈసారి ఏడు ఉత్తరాలకు జవాబు చెబుతున్నాను. ఊళ్లు వేరు, సంగతులు వేరు. అయినా చాలావాటి వెనక ఉన్నది ఒకే నమ్మకం: ఎర్త్ పెడితే కరెంటు భూమిలోకి పోయి అక్కడే ఇంకిపోతుందని. సబ్‌స్టేషన్లలో, రిలే (లోపాన్ని పసిగట్టి లైను ఆపించే పరికరం) పరీక్షల్లో ముప్పై ఏళ్లకు పైగా గడిపినవాణ్ణి. అలా ఇంకిపోయిన కరెంటును నేనెప్పుడూ చూడలేదు.

ప్రశ్న: మా పెరట్లో ఒక హెచ్.పి. మోటారు ఉంది. వారం క్రితం మా అత్తగారు నీళ్లు పడుతూ ఇనప కుళాయి ముట్టుకుంటే షాకు కొట్టి పడిపోయారు. అదృష్టం బాగుండి బతికారు. రెండేళ్ల క్రితమే బొగ్గు, ఉప్పు వేయించి ఎర్త్ పైపు పెట్టించాం. ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూపించాడు. చక్కగా వెలిగింది. ఎర్త్‌లో లోపం లేదన్నాడు. మరి షాకెందుకు కొట్టింది? ఫ్యూజు ఎందుకు పోలేదు?
— ఒక గృహిణి, అంబాజీపేట

జవాబు: అమ్మా, ముందు అత్తగారిని డాక్టరుకు చూపించండి. షాకు కొట్టి పడినవారు పైకి బాగానే కనిపించినా ఒకసారి ఇ.సి.జి. తీయించడం మంచిది. మిగతాది ఆ తర్వాత చదవండి.

మీ ఎలక్ట్రీషియన్ అబద్ధం చెప్పలేదు. అతనికి నేర్పిన పరీక్షే తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను, నాకు నేర్పిన పెద్ద లైన్‌మన్ కూడా అదే చేసేవాడు. వంద వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 530 ఓమ్‌లు. దాని ముందు మీ ఎర్త్ పైపు నిరోధం 2 ఓమ్‌లైనా ఒకటే, 50 ఓమ్‌లైనా ఒకటే. 50 ఓమ్‌ల నాసి ఎర్త్‌తో కూడా ఆ బల్బుకు 230 వోల్టుల్లో 210 అందుతాయి. పట్టపగలు పెరట్లో నిలబడి చూస్తే ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. పైగా ఆ బల్బు తీసుకునేది అర ఆంపియరు లోపే. లోపం వచ్చిన రోజున ఆ పైపు మోయాల్సింది దానికి ఎన్నో రెట్లు. ధాన్యం బస్తా మోయగలడా లేదా అని తేల్చడానికి కూలివాడి నెత్తిన తమలపాకు పెట్టి చూసినట్టుంది ఆ పరీక్ష.

ఇక మీ మోటారు సంగతి. లోపల వైండింగ్ (తీగచుట్ట) మీది ఇన్సులేషన్ చెడి ఫేజు తీగ మోటారు ఒంటికి తగిలింది. మా భాషలో ఇది ఎర్త్ ఫాల్ట్. కరెంటు మోటారు ఒంటి నుంచి ఎర్త్ తీగలోకి, అక్కడి నుంచి పైపులోకి, పైపు నుంచి మట్టిలోకి దిగింది. మట్టిలోంచి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పాతిన ఎర్త్ పైపును వెతుక్కుంటూ వెళ్లి, దాని మీదుగా న్యూట్రల్‌ను చేరుకుని, బయలుదేరిన చోటికే వచ్చేసింది. నరసాపురం రేవులో పంటు ఎక్కినవాడు గోదావరిలోనే ఉండిపోడు కదా, సఖినేటిపల్లి ఒడ్డున దిగుతాడు. కరెంటుకు భూమి ఆ పంటు లాంటిది. చేరవలసింది ట్రాన్స్‌ఫార్మర్.

పంటు ఎంత మెల్లగా నడిస్తే అవతల అంత తక్కువ మంది దిగుతారు. మీ పైపు నిరోధం 18 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ పైపుది 5 ఓమ్‌లు అనుకుందాం. మీ వైపు ఇసుక కలిసిన నేలకు ఇది సబబైన అంకే. మొత్తం 23 ఓమ్‌లు. 230 వోల్టులను 23తో భాగిస్తే 10 ఆంపియర్లు. మీ ఫ్యూజులో ఉన్నది 16 ఆంపియర్ల తీగ. దానికి 10 ఆంపియర్లంటే గీజరు వేసినట్టే, రోజంతా హాయిగా మోస్తుంది. ఆ 10 ఆంపియర్లు మీ 18 ఓమ్‌ల పైపులోంచి పోతున్నంతసేపూ మోటారు ఒంటి మీద, దానికి బిగించిన కుళాయి మీద 180 వోల్టులు నిలిచి ఉంటాయి. అత్తగారి చెయ్యి పడింది దాని మీద. ఆ నెల బిల్లు తీసి చూడండి. మోటారు నడిచిన ప్రతి గంటకూ రెండు యూనిట్లకు పైగా మట్టిపాలై ఉంటుంది.

మరి ఎర్త్ ఇంకా బాగా పెట్టిస్తే ఫ్యూజు పోతుందా అని మీరు అడగబోతున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే 5 ఓమ్‌లుంటే, మీ పైపు బంగారంతో చేయించినా కరెంటు 46 ఆంపియర్లు దాటదు. ఆ మాత్రానికి ఫ్యూజు తీగ కరిగేదాకా కొన్ని క్షణాలు పడుతుంది, ఆ క్షణాల్లో మనిషి ఉంటే అంతే. ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిసినప్పుడు మాత్రం కథ వేరు. రానూ పోనూ లోహపు దారే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు 133 ఆంపియర్లయితే, దాని కొమ్ముల (తీగలు బిగించే చోటు) దగ్గరే షార్టయితే దాదాపు 3,000 ఆంపియర్లు పారుతుంది. మీ ఇంటి దాకా వచ్చేసరికి తీగల నిరోధం వల్ల అది వందల్లోకి దిగినా ఫ్యూజు ఠప్పుమని పోవడానికి చాలు. అందుకే మన ఇళ్లలో ఫ్యూజు షార్టుకు పోతుంది, షాకుకు పోదు.

దీనికి మందు ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి. దుకాణంలో ఇ.ఎల్.సి.బి. అని అడిగినా ఇదే ఇస్తారు. 30 మిల్లీ ఆంపియర్లది అడగండి. ఫేజు తీగా న్యూట్రల్ తీగా రెండూ దానిలో ఒక ఇనప రింగు మధ్య నుంచి వెళ్తాయి. వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ మీదుగానే తిరిగి వస్తే రింగుకు ఏమీ తెలియదు. కొంత వేరే దారిన, అంటే మట్టిలోంచో మనిషి ఒంట్లోంచో పోతే, ఆ తేడాను పసిగట్టి రెప్పపాటులో ఆపేస్తుంది. ఎంత వెళ్లింది అన్న లెక్క దానికి అక్కర్లేదు, ఎంత తిరిగి రాలేదు అన్నదే చూస్తుంది. మీ 18 ఓమ్‌ల పైపులోంచి 30 మిల్లీ ఆంపియర్లు పారితే మోటారు ఒంటి మీద వచ్చేది అర వోల్టు. పైపు పాడై 1,000 ఓమ్‌లకు చేరినా 30 వోల్టులే. ఇంతకు ముందు 180 అన్నాం, గుర్తుందా?

రెండు జాగ్రత్తలు. దాని మీద ఉన్న టెస్ట్ మీట నెలకోసారి నొక్కండి, పడకపోతే మార్చేయండి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఆర్‌సీసీబీ కాపాడలేదు, దాని లెక్కలో ఆ మనిషి కూడా ఒక బల్బే.

ప్రశ్న: మాది అంతర్వేది పక్క ఊరు. ఈదురుగాలికి కొబ్బరి మట్ట పడి 11 కేవీ తీగ ఒకటి తెగి ఇసుక దారి మీద పడింది. బుస్‌మని చప్పుడు, మధ్యమధ్య నీలం మెరుపు. సబ్‌స్టేషన్‌కు ఫోను చేస్తే "ఇక్కడ ఫీడరు ట్రిప్ కాలేదండీ, నిలబడే ఉంది" అన్నారు. మేం గట్టిగా చెప్పాక ఆపారు. వేల వోల్టుల తీగ నేల మీద పడితే దానంతట అదే ఆగిపోవాలి కదా? డ్యూటీలో ఉన్నవాళ్లు నిద్రపోతున్నారా?
— కొబ్బరి రైతు, సఖినేటిపల్లి మండలం

జవాబు: నిద్రపోయి ఉండరు. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే 11 కేవీ లైను, ట్రిప్ అంటే లోపం వస్తే అది దానంతట అదే ఆగిపోవడం. వాళ్ల ముందున్న మీటరులో ఏ తేడా కనబడి ఉండదు.

నా బల్ల మీద ఒక వస్తువు ఉంది. జానెడు పొడవు, చిటికెన వేలంత లావు. పైన ఇసుక అంటుకుని గరుకుగా ఉంటుంది. విరిగిన చివర నుంచి చూస్తే లోపల బోలు, గోడ నున్నగా గాజులా మెరుస్తుంది. మనవడు దాన్ని సముద్రపు గవ్వ అనుకున్నాడు. అది 1996 నవంబరు 6 తుపాను తర్వాత దొరికింది. కోనసీమలో స్తంభాలు వరసగా పడిపోయి, మళ్లీ లైన్లు నిలబెట్టి ఒక్కొక్కటే చార్జ్ చేస్తున్న రోజులు. ఒక ఫీడరు చార్జ్ చేశాం, నిలబడింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. తెల్లారి సరుగుడు తోటలో చూస్తే ఒక తీగ కొస ఇసుకలో పడి ఉంది. రాత్రంతా అలాగే ఉంది. ఆ కొస కింద ఇసుక కరిగి గాజు గొట్టమైంది. ఇసుక కరిగేంత వేడి పుట్టింది గానీ, రిలే కదిలేంత కరెంటు మాత్రం పారలేదు. ఆ తోటలోకి ఆ రాత్రి ఎవరూ వెళ్లలేదు, అంతే మా అదృష్టం.

లెక్క ఇదీ. 11 కేవీ లైనులో ఒక్కో తీగకూ భూమికీ మధ్య 6,350 వోల్టులుంటాయి. సబ్‌స్టేషన్‌లో మూడు తీగల కరెంట్లనూ కలిపి చూసే ఎర్త్ ఫాల్ట్ రిలే ఉంటుంది. మూడూ కలిపితే సున్నా రావాలి. రాకపోతే కొంత భూమి దారిన పోతోందన్నమాట. ఇంట్లో ఆర్‌సీసీబీ చేసే పనే ఇది, పెద్ద ఎత్తున. 200 ఆంపియర్ల సీటీ (తీగలోని కరెంటును కొలిచిచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) మీద 20 శాతం దగ్గర రిలే పెట్టారనుకోండి, 40 ఆంపియర్లు దాటితేనే కదులుతుంది. 6,350ని 40తో భాగిస్తే సుమారు 160 ఓమ్‌లు. తీగ పడిన చోట నిరోధం అంతకన్నా తక్కువుంటే ఫీడరు పడుతుంది, ఎక్కువుంటే నిలబడుతుంది. దాళ్వా చేలో నిండు నీటిలో తీగ పడితే ఎక్కువసార్లు వెంటనే ట్రిప్ అవుతుంది. పొడి ఇసుకలో నిరోధం వేల ఓమ్‌లు. అమెరికాలో పన్నెండున్నర వేల వోల్టుల లైన్లతో ప్రయోగాలు చేసి చూశారు. తడి గడ్డి మీద 50 ఆంపియర్ల దాకా పారింది. పొడి ఇసుక మీద, పొడి తారు రోడ్డు మీద దాదాపు ఏమీ పారలేదు.

రిలేను ఇంకా తక్కువకు పెట్టొచ్చుగా అంటారు. మూడు సీటీలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. మీ సముద్రపు గాలికి పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది. పుష్యమాసపు మంచు పడితే ఆ ఉప్పు తడిసి చిన్న చిన్న లీకేజీలు మొదలవుతాయి. రిలేను మరీ సున్నితం చేస్తే తెల్లవారుజామున ఫీడరు పదిసార్లు పడుతుంది. పదిసార్లు పడితే ఎవరో ఒకరు విసుగెత్తి రిలేనే బ్లాక్ చేస్తారు. అది చేసిన చేతులను నేను చూశాను.

ఇంకో మోసం కూడా ఉంది. తెగిన తీగకు రెండు కొసలు. సబ్‌స్టేషన్ వైపు కొస కరెంటుదని అందరికీ తెలుసు. అవతలి కొస, ట్రాన్స్‌ఫార్మర్ల వైపుది, చచ్చిందని అనుకుంటారు. మన ట్రాన్స్‌ఫార్మర్లకు 11 కేవీ వైపు డెల్టా కనెక్షన్, అంటే మూడు వైండింగ్‌లనూ త్రికోణంలా ఒకదానికొకటి కలిపినది, ఉంటుంది. మిగతా రెండు ఫేజుల వోల్టేజీ ఆ వైండింగ్‌ల గుండా తిరిగి ఈ తెగిన కొసకు వస్తుంది. భూమితో పోలిస్తే అది మూడు వేల వోల్టులకు పైనే. దాన్ని చేత్తో పక్కకు తీయబోయి పోయినవాళ్లున్నారు.

కాబట్టి మీరు చేసిందే సరైన పని. దూరంగా నిలబడండి, పిల్లల్ని, పశువుల్ని ఆపండి, 1912కు గానీ సబ్‌స్టేషన్‌కు గానీ చెప్పండి. "ట్రిప్ కాలేదు" అని వాళ్లంటే నమ్మండి. నమ్మి ఇంకో నాలుగడుగులు వెనక్కి జరగండి.

ప్రశ్న: మా నాన్నగారు గేదెను తోలుకొస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ పక్కన, వాన నీటిలో, గేదె ఉన్నట్టుండి కూలిపోయి చచ్చింది. పక్కనే నడుస్తున్న నాన్నగారికి కాళ్లు జిల్లుమన్నాయి, అంతే. గేదె ఏ తీగనూ ముట్టుకోలేదు. మనిషికన్నా గేదె బలమైనది కదా?
— డిగ్రీ విద్యార్థిని, కొత్తపేట

జవాబు: దాని బలం కాదమ్మా, దాని పొడవు చూడాలి.

కరెంటు ఒక పైపు దగ్గర నేలలోకి దిగుతున్నప్పుడు చుట్టూ ఉన్న నేల మీద వోల్టేజీ గుట్టలా లేస్తుంది. పైపు దగ్గర శిఖరం, దూరం వెళ్లేకొద్దీ పల్లం. ఆ వాలు మీద ఒక కాలు ఎగువన, ఒక కాలు దిగువన వేసి నిలబడ్డవాడి రెండు కాళ్ల మధ్యా తేడా వస్తుంది. తడిసిన ఒండ్రు మట్టిలో 40 ఆంపియర్లు ఒకచోట దిగుతున్నాయనుకుని లెక్క కట్టాను. మీటరు దూరంలో మనిషి ముప్పావు మీటరు అంగ వేస్తే కాళ్ల మధ్య 80 వోల్టుల చిల్లర. అక్కడే గేదె నిలబడితే ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం మీటరున్నర, 115 వోల్టులు. అయిదు మీటర్లు దూరం జరిగితే మనిషికి 5, గేదెకు 9. మనిషికి ఆ కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి ఇంకో కాల్లోంచి దిగిపోతుంది. గేదెకు ముందు కాళ్ల నుంచి వెనక కాళ్లకు, దారిలో గుండె. నాన్నగారికి చెప్పులుంటే అవీ కొంత అడ్డుపడి ఉంటాయి.

అలాంటి చోట చిక్కుకున్నవాళ్లు పరుగెత్తకూడదు. పరుగంటే పెద్ద అంగలు. రెండు పాదాలూ ఒకదానికొకటి ఆనించి చిన్న చిన్న గెంతులు వేస్తూ బయటికి రావాలి. కప్పగంతు అని నవ్వుకున్నా పరవాలేదు.

దిమ్మ దగ్గర కరెంటు ఎందుకు దిగుతోందన్నది వాళ్లు వచ్చి చూడాల్సిన సంగతి. పిడుగు నిరోధకం పగిలి ఉండవచ్చు, లేదా ఊళ్లో కొందరి మోటార్లు చెడి ఆ కరెంటంతా తిరిగి అక్కడికే వస్తూ ఉండవచ్చు. పై ఉత్తరంలోని అంబాజీపేట మోటారు లాంటిది ఒక్కటుంటే చాలు, 10 ఆంపియర్లు 5 ఓమ్‌ల పైపులోంచి ఎక్కుతూ ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ మీద 50 వోల్టులు నిలబెడుతుంది. ఎవరి పెరట్లోనో లోపం, ఎవరి గేదెకో చావు. పశువుల డాక్టరు చేత పోస్టుమార్టం చేయించి, ఫొటోలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పరిహారం అడగడానికి ఆ కాగితాలే ఆధారం.

ప్రశ్న: సార్, మా క్లాసులో ఒక సందేహం వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను మనమే భూమికి కలుపుతున్నాం. అందువల్లే కదా ఒక తీగ ముట్టుకుంటే షాకు కొడుతోంది? కలపకపోతే కరెంటుకు తిరిగి వెళ్లే దారే ఉండదు, ఎవరికీ షాకే కొట్టదు. ఎందుకు కలుపుతున్నారు?
— ఇంజినీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: బాబూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు నచ్చిన ప్రశ్న ఇది. నీ తర్కం సరైనదే. ఆసుపత్రుల్లో ఆపరేషన్ గదులకు సరిగ్గా ఇలాగే, భూమితో సంబంధం లేని సరఫరా ఇస్తారు. ఒక లోపం వచ్చినా కరెంటు ఆగదు, రోగికి షాకూ కొట్టదు. ఓడల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

అది నాలుగు గోడల మధ్య సాధ్యం. ఊరంతా పరుచుకున్న లైన్ల మీద సాధ్యం కాదు. గాల్లో వేలాడే ప్రతి తీగా, భూమీ కలిసి ఒక కెపాసిటరు. లైను పొడవు పెరిగేకొద్దీ ఆ కెపాసిటరు గుండానే కరెంటు తిరిగి వస్తుంది. దారి లేదనుకున్నచోట దారి పుడుతుంది. ఒక ఫేజు ఎక్కడో కొబ్బరి చెట్టుకు తగిలి భూమికి చేరిందనుకో, ఎవరికీ తెలియదు, ఏ ఫ్యూజూ పోదు. కానీ మిగతా రెండు ఫేజులకూ భూమికీ మధ్య 230 ఉండాల్సినచోట 400 వస్తుంది. అప్పుడు ఇంకో ఇంట్లో రెండో ఫేజు ముట్టుకున్నవాడికి తగిలేది ఆ 400. చెట్టుకు తగులుతూ వదులుతూ ఉంటే ఆర్కుల వల్ల వోల్టేజీ ఇంకా పైకి ఎగబాకి, బలహీనమైన ఇన్సులేషన్ ఎక్కడుంటే అక్కడ పగులుతుంది. ఇవన్నీ పక్కన పెట్టినా ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల 11 కేవీ వైండింగ్ ఇంటి వైపు వైండింగ్‌కు తగిలితే, న్యూట్రల్‌ను భూమికి కట్టి ఉంచకపోతే, ఆ వేల వోల్టులు నేరుగా మీ ఇంటి స్విచ్ బోర్డులోకి దిగుతాయి.

జర్మనీలో పీటర్సన్ అనే ఇంజినీరు మధ్యేమార్గం వెతికాడు. 1916 ప్రాంతంలో న్యూట్రల్‌కూ భూమికీ మధ్య ఒక కాయిల్ పెట్టి, లైను కెపాసిటర్ల కరెంటును ఆ కాయిల్ కరెంటుతో కొట్టివేయించాడు. ఫాల్ట్ దగ్గర ఆర్కు దానంతట అదే ఆరిపోతుంది. యూరప్‌లో చాలాచోట్ల మధ్యస్థాయి లైన్లకు ఇది ఇప్పటికీ ఉంది. మనం గట్టిగా భూమికి కట్టే పద్ధతి ఎంచుకున్నాం: ఫాల్ట్ కరెంటు పెద్దదిగా వస్తుంది, బ్రేకరు చూసి ఆపుతుంది. పెద్దదిగా రానిచోటే తంటా. పైన అంతర్వేది ఉత్తరం చూడు.

మీ క్లాసులో ఇంకో ప్రశ్న వేసి చూడు: ఇంటి వైపు ఎర్త్ ఫాల్ట్ ఎంత పెద్దదైనా సబ్‌స్టేషన్‌లోని 11 కేవీ ఎర్త్ ఫాల్ట్ రిలేకు ఎందుకు కనబడదు? సమాధానం డెల్టాలో ఉంది.

ప్రశ్న: మాకు వనామి చెరువు ఉంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎనిమిది. మీరు ఎప్పుడూ చెప్పే ఆర్‌సీసీబీ ఒకటి మెయిన్‌లో పెట్టాం. రాత్రిళ్లు ఊరికే పడిపోతోంది. పడిందని తెలిసేలోపు ఆక్సిజన్ తగ్గి రొయ్యలు తేలిపోతాయి. నష్టం లక్షల్లో. అందుకని తీసేసి నేరుగా కలిపేశాం. తప్పంటారా?
— ఆక్వా రైతు, కాళ్ళ మండలం

జవాబు: తప్పే. కానీ మీ భయం దొంగ భయం కాదు, అందుకే తిట్టకుండా చెబుతున్నాను.

అది ఊరికే పడటం లేదు. ఉప్పు నీటి మీద తేలే మోటార్లు, నీళ్లలో నానే కేబుళ్లు, టేపు చుట్టిన అతుకులు. ఒక్కోటీ ఎంతో కొంత కారుస్తూనే ఉంటుంది. ఒక్కోటి 3 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా ఎనిమిదికి 24. ఇక్కడ చాలామందికి తెలియని మాట ఒకటుంది: 30 మిల్లీ ఆంపియర్లని రాసి ఉన్న ఆర్‌సీసీబీ 30 దగ్గర తప్పకుండా పడాలి, 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. మీది 24 దగ్గర కూర్చుని ఉంది. రాత్రి మంచుకు ఒక అతుకు చెమ్మగిల్లితే చాలు.

ఎనిమిదింటికీ ఒకటి పెట్టడమే మీరు చేసిన పొరపాటు. రెండేసి ఏరేటర్లకు ఒకటి చొప్పున నాలుగు పెట్టండి, త్రీఫేజు కాబట్టి నాలుగు పోళ్లవి. మెయిన్‌లో 300 మిల్లీ ఆంపియర్లది, కాస్త ఆలస్యంగా పడే రకం పెట్టండి. అప్పుడు ఒక అతుకు చెడితే రెండు ఏరేటర్లే ఆగుతాయి, ఆరు తిరుగుతుంటాయి. ఏది పడిందో చూస్తే లోపం ఎక్కడుందో కూడా తెలుస్తుంది. పడగానే కాపలా పాకలో గంట మోగేలా పెట్టించడం మీ ఊరి ఎలక్ట్రీషియన్‌కు అరపూట పని.

ఇంకొకటి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ వేస్తారు కదా, దాని స్టార్ పాయింటుకు (మూడు వైండింగ్‌లూ కలిసే న్యూట్రల్ చోటు) ఎర్త్ కట్టారా? నేను వెళ్లి చూసిన చెరువుల్లో సగానికి లేదు. కట్టకపోతే లీకయిన కరెంటుకు జనరేటర్‌కు తిరిగి వెళ్లే దారి సరిగా ఉండదు, ఆర్‌సీసీబీకి తేడా కనబడదు. జనరేటర్ మీద నడిచే గంటల్లో నాలుగూ గోడకు వేలాడే బొమ్మలే.

ఏవి పెట్టినా, ఏరేటర్ ఫ్యాను రెక్కకు చిక్కిన నాచు తీయడానికి మనిషి నీళ్లలోకి దిగేముందు మెయిన్ ఆపి, ఫ్యూజు గ్రిప్పులు పీకి జేబులో వేసుకుని దిగాలి. నీళ్లలో నిలబడ్డ మనిషి చర్మం కరెంటును ఆపదు. "రెండు నిమిషాల పని" అన్న మాట చెరువు గట్ల మీద నేను చాలాసార్లు విన్నాను, శవం పక్కన కూడా.

ప్రశ్న: న్యూట్రల్ బదులు బోరు పైపుకు కలిపి లైట్లు వేసుకుంటే మీటరు తిరగదని మా ఊళ్లో ఒకాయన అంటున్నారు. నిజమేనా?
— పాలకొల్లు

జవాబు: పాత మీటర్ల కాలంలో కొన్ని చిట్కాలు చెల్లాయి. ఇప్పటివి ఫేజులోనూ న్యూట్రల్‌లోనూ కొలిచి, ఎక్కువున్నదాన్ని లెక్కిస్తాయి. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్‌లో దీని పేరు దొంగతనం. బిల్లు సంగతి అలా ఉంచి, ఆ పైపు దగ్గర కనెక్షన్ వదులైతే బల్బు ఆరిపోతుంది, వేలాడే తీగ కొస మాత్రం 230 వోల్టులతో ఉంటుంది. "కరెంటు పోయింది" అనుకుని పట్టుకునేది ఆయన భార్యో పిల్లలో. ఆయనకు ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు ఎందుకు వేస్తారు? మాది ఉప్పు నేలే, వేయాలా?
— మలికిపురం

జవాబు: బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తేమలో కరిగి కరెంటుకు దారి ఇస్తుంది. 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవున్న జీఐ పైపును తడి నల్లమట్టిలో పాతితే మూడు నాలుగు ఓమ్‌లు వస్తాయి. అదే పైపు పొడి ఇసుకలో పాతితే 170 దాటుతుంది. మీ ఉప్పు నేలలో అడుగున చెమ్మ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఉప్పు వేయనక్కర్లేదు. బొగ్గు వేయండి, ఎండాకాలంలో వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి.

మీకు అసలు శత్రువు తుప్పు. పైకి కనిపించే జానెడు పైపు నిగనిగలాడుతూనే ఉంటుంది. నేల గీతకు కాస్త కింద తినేస్తుంది. మా ఇంటిది నేనే దగ్గరుండి పాతించాను. ఆరేళ్ల తర్వాత మీటరుతో కొలిస్తే అంకె ఎంతకీ దిగలేదు. మీటరు చెడిందనుకుని రెండోది తెప్పించాను. చివరికి విసుగొచ్చి పైపు పట్టుకుని లాగితే, మూరెడు ముక్క ముల్లంగి దుంపలా చేతిలోకి వచ్చేసింది.